బోరు నీళ్లు తాగిన మారుతి 800: ఇంజన్ ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి అయిపోయాక

ముందు బండి వివరాలు. మారుతి 800, 1996 మోడల్, కార్బురేటర్ బండి, నాలుగు గేర్లు, ఏసీ లేదు. ఏపీ 24 నంబరు, అంటే మొదటి నుంచీ నల్లగొండ జిల్లాదే. కొన్నది మా చిన్నాయన. ఆయన పెద్ద బండి తీసుకున్నాక ఇది మా రేకుల షెడ్డులో వడ్ల బస్తాల పక్కన ఉండిపోయింది. పదిహేనేళ్లు దాటినప్పటి నుంచి ఐదేళ్లకోసారి ఆర్టీఏ ఆఫీసుకు తీసుకుపోయి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయిస్తూ వచ్చాడు. ఆయనకు ఆ ఓపిక లేకపోతే బండి ఎప్పుడో స్క్రాప్‌కు పోయేది.

నాకు కావాల్సినవి రెండు. మే ఎండలో నల్లగొండ నుంచి నాగార్జున సాగర్ హిల్ కాలనీ దాకా రేడియేటర్ మూత ముట్టుకోకుండా పోయి రావాలి. వానలు పడ్డాక హైదరాబాద్ శివార్లలో మట్టి మీద జరిగే ఆటోక్రాస్ అనే కార్ల పోటీలో దీన్ని దింపాలి. మొదటిది కుదిరితేనే రెండో దాని మాట.

ఇప్పుడు పరిస్థితి ఏంటంటే, సెల్ఫ్ కొట్టగానే లేస్తుంది. ఊరు దాటేలోపు టెంపరేచర్ సూది పైకి పాకుతుంది. నార్కట్‌పల్లి చేరేసరికి ఆవిరి. చిన్నాయన దీనికి కనిపెట్టిన వైద్యం, డిక్కీలో ఐదు లీటర్ల నీళ్ల డబ్బా. బోరు నీళ్లు. ఎన్నో ఏళ్లుగా అదే డబ్బా, అదే బోరు.

జనవరి ఆఖరు: కంప్రెషన్

పానా పట్టే ముందు గేజ్ పట్టాలని నా పట్టుదల. సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో చూపేదే కంప్రెషన్, ఆ ఒత్తిడిని పీఎస్‌ఐలలో కొలుస్తారు. ఇంజన్ వేడెక్కించి, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టించా. మొదటి సిలిండర్ 125 పీఎస్‌ఐ, రెండోది 90, మూడోది 120. తర్వాత ఒక్కో ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ చూశా. ఒకటి, మూడు 145 దాకా లేచాయి. రెండోది 95 దగ్గరే ఆగింది.

ఆయిల్ పోస్తే ప్రెషర్ పెరిగిందంటే లీకు పిస్టన్ చుట్టూ ఉండే రింగుల దగ్గర, ఎందుకంటే ఆయిల్ ఆ సందును కాసేపు మూస్తుంది. పెరగలేదంటే లీకు పైన ఉంది, వాల్వులోనో, సిలిండర్ల మీది మూతలాంటి హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్‌లోనో. మూడు సిలిండర్లకూ రింగులు అరిగాయి, రెండోదానికి అదనంగా పైన ఏదో ఉంది. రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నాయి. గ్యాస్కెట్టే.

చూడ్డానికి వచ్చిన మా బావ, "ఫ్రీ ఫ్లో సైలెన్సర్ ఎయ్ బావా, పికప్ అదే వస్తది" అన్నాడు. రాత్రి పూట క్లాక్ టవర్ సెంటర్‌లో పటాకులు పేల్చినట్టు పోయే బండ్లను చూసి నేర్చుకున్న సలహా అది. 90 పీఎస్‌ఐ ఉన్న సిలిండర్‌కు సైలెన్సర్ మారిస్తే వచ్చేది చప్పుడే.

చెర్వుగట్టు జాతర రోజుల్లో: హెడ్ దించడం

జాతరకు ఊరంతా గట్టు వైపు పోతుంటే నేను షెడ్డులో హెడ్ బోల్టులు విప్పుతున్నా. బయటి బోల్టుల నుంచి లోపలికి, ఒక్కోటి కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఈ ఇంజన్‌కు కింద బ్లాక్ పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. ఒక మూల నుంచి ఒక్కసారే విప్పితే హెడ్ వంకర పోతుంది.

ఇది ఎలాగూ వంకర పోయే ఉంది. తిన్నని పట్టీ (స్ట్రెయిట్ ఎడ్జ్) పెట్టి, సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజ్ కింద దూరిస్తే రెండో సిలిండర్ దగ్గర 0.12 మిల్లీమీటర్ల ఆకు పోయింది. సుజుకీ మాన్యువల్ ఒప్పుకునేది 0.05 దాకానే. గ్యాస్కెట్ రెండో సిలిండర్‌కూ నీటి దారికీ మధ్య కాలి నల్లబడింది. రెండో ఎగ్జాస్ట్ వాల్వు అంచు గుంటలు పడింది.

అసలు సంగతి వాటర్ జాకెట్లో ఉంది. బ్లాక్‌లో సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే సందులోకి టార్చి వేసి చూశా. పంపు వైపు కాస్త నయం. పంపుకు దూరంగా మూడో సిలిండర్ చివర స్క్రూడ్రైవర్ పెట్టి గీకితే పెచ్చులు ఊడాయి. పైన తుప్పు రంగు, విరిస్తే లోపల తెల్లగా, పొరలు పొరలుగా. గీజర్ రాడ్డు మీద పేరుకునే పొలుసే ఇది. చిన్న చిన్న దారులు సగానికి సగం మూసుకుపోయాయి. వెల్చ్ ప్లగ్గులు (బ్లాక్ పక్కన రంధ్రాలను మూసే గుండ్రటి రేకు మూతలు) బయటికి బాగానే ఉన్నాయి గానీ, ఒకదాన్ని సుత్తితో తడితే లోపలికి మడత పడింది. వెనక వైపు అంతా తుప్పు తినేసింది.

నల్లగొండ నీళ్లంటే అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడే. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అనే పేరే ఉంది, నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు తయారుచేసింది. మనుషుల ఎముకలను పాడుచేసింది ఫ్లోరైడ్. ఇంజన్‌ను చంపింది మాత్రం అది కాదు, అదే బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆ లవణాలు గోడకు అంటుకుంటాయి. ఆవిరై పోయిన ప్రతిసారీ మళ్లీ బోరు నీళ్లు పోస్తే లవణాల మోతాదు పెరుగుతూనే ఉంటుంది. పోత ఇనుముతో పోలిస్తే ఈ పొలుసు వేడిని మోసేది ఇరవయ్యో వంతు అటూ ఇటూ. దాని వెనక ఉన్న సిలిండర్ గోడ చల్లబడేదెట్లా? సూది మాత్రం నీళ్ల వేడినే చూపిస్తుంది, గోడ వేడిని కాదు.

ఫిబ్రవరి: నిమ్మ ఉప్పు

ఇంజన్ పూర్తిగా కిందికి దించాం. చెయిన్ బ్లాక్, పక్కింటి తమ్ముడి భుజాలు. మూడు సిలిండర్ల ఇంజన్ కాబట్టి బరువుకు భయపడే పని లేదు.

పొలుసు తీయడానికి మన దగ్గర చాలామంది బాత్రూం కడిగే యాసిడ్ వాడతారు. అది పొలుసుతో పాటు ఇనుమునూ తింటుంది, అల్యూమినియం తగిలితే ఇంకా వేగంగా తింటుంది. కాస్టిక్ సోడా అయితే హెడ్‌కు సర్వనాశనం. నేను వాడింది నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. కిరాణా కొట్లో దొరికేదే, లీటరుకు యాభై గ్రాముల లెక్కన వేడి నీళ్లలో కలిపి బ్లాక్‌ను డ్రమ్ములో ముంచా. పోసిన వెంటనే నురగ లేచింది, కార్బన్ డయాక్సైడ్. నురగ ఆగిపోతే ఆ నీళ్ల బలం అయిపోయినట్టే, పారబోసి కొత్తవి కలపాలి. హెడ్‌ను మాత్రం కాసేపే ఉంచి తీసి, మంచి నీళ్లతో బాగా కడిగి, వెంటనే గాలి కొట్టి ఆరబెట్టా.

డ్రమ్ము అడుగున దిగిన బురదను చూసి చిన్నాయన, "గిదంత మన బోర్లకెల్లేనా?" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. డిక్కీలో డబ్బా తీసేయడానికి ఆయన్ని ఒప్పించే పని తప్పింది.

రేడియేటర్ ట్యూబులు రాడ్డు పెట్టి క్లీన్ చేసినా సగం తెరుచుకోలేదు. కొత్తది తీసుకున్నా. 800 సామాను ఇంకా తేలిగ్గా దొరకడమే ఈ బండితో ఉన్న సుఖం.

ఇంజన్ మార్చమనే గోల

ఇంజన్ స్టాండ్ మీద ఉందని తెలిసిన ప్రతివాడూ ఇచ్చిన సలహా ఒకటే: "జెన్ ఇంజన్ ఎయ్యన్నా." నిజమే, మారుతి జెన్‌ది 993 సీసీ, నాలుగు సిలిండర్లు, అల్యూమినియం బ్లాక్. 650 కిలోల బండిలో పెడితే సరదాగానే ఉంటుంది. కానీ ఇంజన్ మారిస్తే ఆర్సీలో ఇంజన్ నంబరు మారాలి, దానికి ముందే అనుమతి తీసుకోవాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని ఇంజన్‌తో ఎక్కడైనా గుద్దుకుంటే ఇన్సూరెన్స్ వాళ్లు ఏమంటారో చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. ఈ 796 సీసీ ఇంజన్‌ను తక్కువ చేసి మాట్లాడేవాళ్లకు ఫార్ములా మారుతి సంగతి తెలియదేమో. కోయంబత్తూరు ఎస్. కరివర్ధన్ 1980ల ఆఖర్లో ఈ ఇంజన్‌తోనే ఒంటి సీటు రేసు కార్లు తయారుచేశాడు. నారాయణ్ కార్తికేయన్ మొదటి రేసు శ్రీపెరంబుదూరులో ఆ ఫార్ములా మారుతిలోనే. 2005లో అతను జోర్డాన్ టీమ్‌లో ఫార్ములా వన్ దాకా పోయాడు. ఇంజన్‌లో ఉన్న నలభై లోపు హార్స్ పవర్‌లో నాకు ఇప్పుడు ఎన్ని అందుతున్నాయో, ముందు అవి మొత్తం రానీ. తర్వాత ఎక్కువ అడుగుతా.

మార్చి: బోరింగ్

బోరింగ్ అంటే ఇక్కడ నీళ్ల బోరు కాదు, అరిగిన సిలిండర్‌ను కాస్త పెద్ద సైజుకు తొలవడం. నల్లగొండలో బోరింగ్ షాపులకు ట్రాక్టర్లు, ఆటోలే ఎక్కువ. మొదట పోయిన చోట "బోరు కొట్టి పెడ్తా, పిస్టన్లు తర్వాత తెచ్చుకో" అన్నారు. అక్కడి నుంచి లేచి వచ్చేశా. పిస్టన్లు ముందు చేతికి రావాలి, ఒక్కోదాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి దానికి సరిపడా ఆ సిలిండర్‌ను హోనింగ్ చేయాలి, అంటే సన్నగా రుద్దాలి. చివరికి మిర్యాలగూడలో దొరికాడు ఒక పెద్దాయన. రైస్ మిల్లులు, లారీల ఊరు కాబట్టి అక్కడ లేత్ పనికి కొదవ లేదు. ఆయన మాట్లాడే ముందే డయల్ బోర్ గేజ్ తీసి తుడుచుకున్నాడు. చాలు అనిపించింది.

కొలతలు: కంపెనీ బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 68.5 మిల్లీమీటర్లు. రెండో సిలిండర్ పైభాగంలో 68.63, కింద 68.54. అంటే పైన ఎక్కువ అరిగి గరాటులా అయింది. 0.25 మిల్లీమీటర్లు పెద్దదైన ఓవర్‌సైజు పిస్టన్‌తో సరిపోయేదే, కానీ రెండోదాంట్లో గోరుకు తగిలే గీత ఉంది. పెద్దాయన గోరు పెట్టి రుద్ది, "ఇది పావుకు పోదు బిడ్డా, అర ఎయ్యాలె" అన్నాడు. 0.50 వేశాం.

ఇక్కడ ఆటోక్రాస్ గురించి ఒక లెక్క చూసుకోవాలి. స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 72 మిల్లీమీటర్లు. బోరు 69 అయితే మూడు సిలిండర్లూ కలిపి 807.7 సీసీ. 0.25 వేసినా 801.8 అయ్యేది. అంటే ఒక్కసారి బోరింగ్ చేసిన 800 ఏదైనా కాగితం మీద 800 దాటిపోతుంది. సీసీ బట్టి క్లాసులు పెట్టే పోటీల్లో రిపేర్ సైజుకు సడలింపు ఇస్తారా అన్నది ఆ పోటీ రూల్ బుక్ చూసే ఎంట్రీ ఫారం నింపాలి. ఆర్సీలో 796 ఉంది కదా అని వాదిస్తే పోటీకి ముందు జరిగే బండి తనిఖీలో నడవదు.

హెడ్ అడుగును చదును చేసే ఫేసింగ్‌లో వంకర పోయేంత వరకే తీయించా. "ఇంకొంచెం తీస్తే కంప్రెషన్ పెరుగుతది" అని పెద్దాయనే అన్నాడు. పెరుగుతుంది, కానీ మే నెలలో ఇదే ఊళ్లో నాకింగ్ (పెట్రోలు అదును తప్పి పేలడం) కూడా పెరుగుతుంది. వద్దన్నా. వాల్వు సీట్లు కట్ చేయించి, గ్రైండింగ్ పేస్టుతో నేనే రుద్ది, పోర్టులో కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచా. పొద్దున కింద గుడ్డ పొడిగానే ఉంది.

ఉగాది దాటాక: బిగింపు, థర్మోస్టాట్ పంచాయితీ

బేరింగులు, రింగులు, ఆయిల్ పంపు, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు అన్నీ కొత్తవి. రింగుల సందు ఒక్కో సిలిండర్‌లో పెట్టి చూసుకున్నా. హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, విడతలుగా, టార్క్ రెంచ్‌తో. బిగింపు గురించి రాయడానికి ఇంతకన్నా ఏం లేదు, శుభ్రంగా ఉండటమే పని.

పంచాయితీ అంతా థర్మోస్టాట్ దగ్గర. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు అది. బండి విప్పినప్పుడు దాని ఇల్లు ఖాళీగా ఉంది, ఎప్పుడో ఎవరో పీకేశారు. మా మెకానిక్ భాయ్ ఇప్పుడూ అదే అన్నాడు: "మన ఎండలకు దాంతోటి ఏం పనన్నా? పీకి పారెయ్, నీళ్లు ఫ్రీగా తిరుగుతయ్."

కొత్త థర్మోస్టాట్ మీద 82 అని ఉంది. టీ గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి స్టవ్ మీద కాచా. 80 దాకా కదల్లేదు. 82 దాటగానే కదలిక మొదలై, 95 వచ్చేసరికి పూర్తిగా తెరుచుకుంది. "చూడు భాయ్, వేడెక్కినంక ఇది పెద్దగా అడ్డముండదు" అన్నా. ఒప్పుకోలేదు గానీ స్టవ్ దగ్గర నుంచి కదలనూ లేదు.

అది లేకపోతే నీళ్లు మరీ వేగంగా తిరిగి రేడియేటర్‌లో చల్లబడవని కొందరంటారు. అది తప్పు. అసలు నష్టం వేరే. పొద్దున ఇంజన్ చాలాసేపు చల్లగానే నడుస్తుంది, పెట్రోలు సరిగ్గా ఆవిరి కాక సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, రింగులు అరుగుతాయి. పైగా థర్మోస్టాట్ ఇచ్చే అడ్డు వల్ల పంపు బ్లాక్ లోపల కొంత ఒత్తిడి నిలబెడుతుంది. ఆ ఒత్తిడి వాల్వుల చుట్టూ బాగా కాలే చోట నీళ్లు బుడగలు కట్టకుండా ఆపుతుంది. రేడియేటర్ మూత చేసేదీ అదే పని. 0.9 బార్ మూత స్ప్రింగు సరిగ్గా ఉంటే నీళ్లు 100 దగ్గర కాదు, 118 దాటాకే మరుగుతాయి. మా పాత మూత రబ్బరు చేత్తో నలిపితే పొడి అయింది. వందల్లో వచ్చే ఆ మూతకు ఖర్చు పెట్టకుండా సైలెన్సర్‌కు వేలు పోస్తారు.

బోరు నీళ్లకు ఈ షెడ్డులో ఇక ప్రవేశం లేదు. బ్యాటరీ షాపులో కొన్న డిస్టిల్డ్ వాటర్ రెండు పాళ్లు, కూలెంట్ ఒక పాలు. మనకు మంచు గడ్డ కట్టే భయం లేదు, కూలెంట్‌లో తుప్పు ఆపే మందు కోసమే అది.

ఏప్రిల్: ఇరవై శాతం ఇథనాల్

స్టార్ట్ అయింది, చక్కగా నడుస్తోంది, కానీ ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ ఇస్తే దగ్గుతోంది. ప్లగ్గు తీసి చూస్తే పింగాణీ తెల్లగా ఉంది. లీన్, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదు.

ఈ కార్బురేటర్ తయారైన రోజుల్లో పెట్రోలంటే పెట్రోలే. ఇప్పుడు బంకుల్లో ఈ20, ఇరవై శాతం ఇథనాల్. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. ఇరవై శాతం కలిస్తే లెక్క 13.5 దగ్గరికి వస్తుంది. కొత్త బండ్లలో ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని కంప్యూటర్ సర్దుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి ఎక్కడిది? దానికి పెట్రోలు కొలిచి వదిలే ఇత్తడి జెట్లో ఉన్న రంధ్రమే లెక్క. ఎనిమిది శాతం ఎక్కువ పెట్రోలు పోవాలంటే రంధ్రం వైశాల్యం ఎనిమిది శాతం పెరగాలి, అంటే వ్యాసం నాలుగు శాతం పెరిగితే చాలు. డ్రిల్లు పెట్టి పెద్దది చేసే అలవాటు మన దగ్గర ఉంది, దాంతో లోపల గరుకు మిగిలి ప్రవాహం దెబ్బతింటుంది. ప్రైమరీకి పై సైజు జెట్ దొరికింది, అదే వేశా. దగ్గు పోయింది. ప్లగ్గు ఇప్పుడు లేత గోధుమ రంగు.

ఇథనాల్ పాత రబ్బరును కూడా వదలదు. పెట్రోలు పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం మార్చేశా. పైపుల మీద ఇథనాల్‌కు తట్టుకుంటుందని రాసి ఉంటేనే తీసుకున్నా.

ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఇంకోటి బయటపడింది. నిప్పు పడే అదునును ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ పైపు నోట్లో పెట్టుకుని పీలిస్తే లోపలి ప్లేటు తిరగాలి. తిరగలేదు, డయాఫ్రం చిరిగింది. అంటే ఇన్నాళ్లూ నెమ్మదిగా పోయేటప్పుడు నిప్పు ఆలస్యంగా పడుతూ, మంట సగం ఎగ్జాస్ట్‌లో కాలుతూ వచ్చింది. ఇంజన్ వేడెక్కడంలో దీనికీ వాటా ఉంది. మార్చాక టైమింగ్ లైట్ పెట్టి సెట్ చేశా.

మే, రోహిణి కార్తె రాకముందే: సాగర్

కొత్తగా కట్టిన ఇంజన్‌ను మెల్లగా నడిపి అలవాటు చేసే రన్నింగ్ ఇన్ అయిపోయింది, హెడ్ టాపెట్లు మళ్లీ చూసుకున్నా. కంప్రెషన్ ఇప్పుడు 172, 170, 172.

ఒరిజినల్ మీటర్‌లో సి, హెచ్ తప్ప అంకెలుండవు, అందుకని డాష్‌బోర్డు కింద డిగ్రీలు చూపించే మీటర్ పెట్టా. మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరాం, కావాలనే ఆ టైమ్‌కు. పక్కన చిన్నాయన. హాలియా దాకా మీటర్ 84 మీద నిలబడింది. హాలియా సెంటర్‌లో వడ్ల ట్రాక్టర్ల వెనక ఇరుక్కుంటే 93కి పోయింది. ఫ్యాన్ తిరిగింది, మళ్లీ దిగింది. సాగర్ పైలాన్ కాలనీ నుంచి హిల్ కాలనీకి ఎక్కే రోడ్డులో రెండో గేర్‌లో కావాలని లాగించా. 96. అక్కడి నుంచి కదల్లేదు. చిన్నాయన కళ్లు రోడ్డు మీద లేవు, ఆ మీటర్ మీదే.

పైన ఆపి బానెట్ లేపి, థర్మామీటర్ గన్‌తో హెడ్ పొడవునా కొలిచా. పంపు చివరకూ మూడో సిలిండర్ చివరకూ తేడా నాలుగు డిగ్రీలు. నిమ్మ ఉప్పు పని చేసిందన్నమాట.

ఇంకా మిగిలిన పని

మూడో గేర్ నుంచి రెండులోకి దించితే గరగరమంటోంది, గేర్లను గరగర లేకుండా కలిపే సింక్రో రింగ్ పోయింది. ఆటోక్రాస్‌లో ఎక్కువ వాడేది రెండో గేరే కాబట్టి గేర్‌బాక్స్ దించక తప్పదు. ముందు చక్రాల షాక్ అబ్జార్బర్లు (స్ట్రట్‌లు) కారుతున్నాయి. సీటు బెల్టులు పాతవి, వాటితో మట్టి మీదికి పోను. హెల్మెట్ కొనాలి. రూల్ బుక్ తెప్పించాను, సీసీ సంగతి రాసిన పేజీ దగ్గర మడత పెట్టి ఉంది, నిర్వాహకులకు ఫోన్ చేయాలి. మా బావ మళ్లీ సైలెన్సర్ మాట ఎత్తాడు. ఈసారి కొంచెం ఆలోచిస్తున్నా, గేర్‌బాక్స్ ఖర్చు తేలాక చూస్తా.